ఉమ్మడి గోడ

"కొనమంటారా, మానమంటారా? ఒక్క ముక్కలో చెప్పండి."

మారిసా క్రుపా ఆ మాట అడగడం అది మూడోసారి. బెర్నీ హావ్లిక్ చేతి గడియారం చూసుకుంది. రెండూ పది. సాయంత్రం ఐదులోగా 'ఈ ఇల్లు నాకొద్దు' అని మారిసా రాసి పంపకపోతే బేరం ఖాయమైపోయినట్టే. ఐదు దాటాక పంపితే కట్టిన బయానా గోవిందా.

"ఇంకా గుమ్మం కూడా ఎక్కలేదు. చూడకుండా చెప్పడానికి నేనేమైనా సోదె చెప్పేదాన్నా?" అంది బెర్నీ.

బెర్నీకి యాభై ఆరేళ్లు. పాతికేళ్లపాటు బీమా కంపెనీలో దొంగ క్లెయిముల గుట్టు లాగి, విసుగెత్తి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఇల్లు కొనాలా వద్దా అని తేల్చిపెట్టమనే కేసు ఆమెకి ఇంతవరకూ రాలేదు. నిన్న రాత్రి ఫోన్లో ఈ పిల్ల గొంతు వణకకపోయి ఉంటే ఇదీ తీసుకునేది కాదు.

కోల్టన్ హైట్స్‌లో ఆ వీధి చివర ఆరు ఇళ్లు, గోడకి గోడ ఆనించి, ఒకే కప్పు కింద వరసగా కట్టినవి. అందులో నాలుగోది ఖాళీగా ఉంది. ముంగిట్లో అమ్మకానికని బోర్డు, తలుపు పిడికి తాళంచెవి దాచే పెట్టె. మంచు కరిగిన మార్చి నేల అంతా చిత్తడిగా ఉంది.

"భయం దేనికో మళ్లీ మొదట్నించీ చెప్పు. ఫోన్లో సగం ఏడుపు, సగం కథ అయింది."

మారిసా కోటు జేబుల్లో చేతులు కుక్కుకుంది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. పళ్ల డాక్టరు దగ్గర పళ్లు శుభ్రంచేసే పని. "ఆదివారం పొద్దున్న పదీ ఐదుకి లోపలికెళ్లాను. ఏజెంటు గ్రెగ్ తలుపు తీసి తను కారులో కూర్చున్నాడు. పైన పడగ్గదిలో ఒక్కదాన్నే ఉన్నా. నాకు నాలో నేను మాట్లాడుకునే అలవాటుంది, నవ్వకండి. 'నాన్న ఊగే కుర్చీ ఈ కిటికీ కింద వేసుకుంటా' అని పైకే అన్నాను. పదీ యాభైకి వచ్చేశాం. పదకొండూ ఇరవైకి ఇంటావిడ దగ్గర్నుంచి మెయిలొచ్చింది. ఇదిగో చూడండి."

బెర్నీ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

'అమ్మాయీ, నీ ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మీ నాన్న ఊగే కుర్చీ ఆ కిటికీ కింద ఎంత బాగుంటుందో! ఎవరేమన్నా ఇల్లు నీకే. ఎర్మా స్టోలర్.'

ఇల్లు అడిగేవాళ్లు ధరతో పాటు ఇంటావిడ మనసు కరిగేలా ఒక ఉత్తరం రాయడం ఇక్కడ మామూలే. బెర్నీ ఫోను తిరిగిచ్చింది. "ఉత్తరంలో కుర్చీ సంగతి రాశావేమో."

"లేదండీ, ఒట్టు. కుర్చీ అనే మాటే లేదు."

"అయితే ఇంట్లో కెమెరా పెట్టి వింటోంది. అమ్మేవాళ్లలో సగం మంది వింటారు. దానికింత గాభరా ఎందుకు?"

"నేనూ అదే అనుకున్నా. గ్రెగ్‌ని అడిగితే ఇంట్లో ఇంటర్నెట్టే లేదన్నాడు. ఆవిడ ఫ్లోరిడా వెళ్లిన అక్టోబర్లోనే తీయించేశారట." మారిసా గొంతు తగ్గించింది. "అయినా నాకీ ఇల్లు కావాలండీ. అదే నా ఏడుపు. పదకొండు ఇళ్లు అడిగాను, పదకొండూ ఎవరో ఎగరేసుకుపోయారు. నెలాఖరుకి ఇప్పుడున్న వాటా ఖాళీ చెయ్యాలి. మొదటిసారి ఒక మనిషి నాకే ఇస్తానంది. నా భయం ఉత్త పిచ్చిదని మీరంటే చాలు, సంతకం పెట్టేస్తాను."

పాపం అనిపించింది బెర్నీకి. పిచ్చి అనడానికి మాత్రం నోరు రాలేదు.

* * *

గ్రెగ్ టోలివర్ నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి. ఆరోజు ఎక్కువసేపు నవ్వలేదు.

"ఇల్లు పరీక్ష చేయించుకునే హక్కు కొనేవాళ్లకుంది, కాదనను. కానీ డిటెక్టివ్‌ని తెచ్చుకోవడమేంటండీ? కప్పు వేసి ఆరేళ్లే. బాయిలరు భేషుగ్గా ఉంది. కప్పు కారితే బాగుచేయించేది ఈ ఆరిళ్ల సంఘమే, మంచు తవ్వించేదీ సంఘమే. మొదటిసారి కొనేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన ఇల్లు దొరకదు."

"తాళం పెట్టె చిట్టా చూపించండి. అది చూపిస్తే బాయిలరు సంగతి నేనడగను."

పెట్టె ఎవరు ఎప్పుడు తెరిచారో నిమిషాలతో సహా గ్రెగ్ ఫోనులో ఉంది. ఆదివారం పదీ ఐదుకి తెరిచారు, పదీ యాభైకి మూశారు. ఆ రోజు ఇంకెవరూ తెరవలేదు. ముందు రోజూ లేదు, తర్వాతి రోజూ లేదు.

"ఎర్మా గారిని ఎప్పుడు చూశారు?" అంది బెర్నీ.

"వారానికి రెండుసార్లు మాట్లాడతాం."

"నేనడిగింది మాట్లాడటం కాదు బాబూ. ముఖం ఎప్పుడు చూశారు?"

గ్రెగ్ టై సర్దుకున్నాడు. "డెబ్భై తొమ్మిదేళ్ల ముసలావిడ ఫ్లోరిడాలో ఉంటే ముఖమెలా చూస్తానండీ? అంతా ఫోను, కంప్యూటర్లో సంతకాలు. ఈ రోజుల్లో అందరిదీ ఇదే వరస."

"గొంతు ఎలా ఉంటుంది?"

"కాస్త బొంగురు. ఎప్పుడూ జలుబే పాపం."

"ఫ్లోరిడాలో ఎప్పుడూ జలుబా? బాగుంది. ఎంతమంది అడిగారు ఈ ఇంటిని?"

"ఏడుగురు."

"అందులో మారిసాది ఎన్నోది?"

గ్రెగ్ మారిసా వైపు ఇబ్బందిగా చూశాడు. "అన్నిటికన్నా తక్కువ. నేను కూడా నోరెళ్లబెట్టాను. ఎర్మా గారు ఏడు ఉత్తరాలూ తెప్పించుకుని చదివి, 'ఈ పిల్లే' అన్నారు. ఇంకోమాట వినలేదు."

"ఆ ఉత్తరం ఉందా?"

మారిసా ముఖం ఎర్రబడింది. గ్రెగ్ కాగితం అందించాడు. బెర్నీ కిటికీ దగ్గరికెళ్లి చదివింది.

'నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. నాన్న పోయి మూడేళ్లయింది. తోడబుట్టినవాళ్లు లేరు. ఒక రోజు నేను ఇంటికి రాకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే విడిగా, నలువైపులా ఖాళీతో ఉండే ఇల్లు నాకొద్దు. గోడకి అవతల ఒక మనిషి ఉన్నారన్న ధైర్యం కావాలి. అందుకే మీ టౌన్‌హోమ్ అడుగుతున్నాను.'

బెర్నీకి ఒళ్లు మండింది. "ఇదేంటే పిల్లా! ముఖం తెలియని మనిషికి, నాకెవరూ లేరు, నేను మాయమైతే అడిగే దిక్కులేదని రాసిస్తావా?"

"నిజమే రాశాను," అంది మారిసా చిన్నగా. "నిజం రాస్తే ఇల్లు దొరుకుతుందని ఎవరో చెప్పారు."

దొరికింది కూడా. ఆరుగురు ఎక్కువిస్తామన్నా కాదని, అడిగేవాళ్లు లేని పిల్లకే దొరికింది. ఎందుకో బెర్నీకి అర్థం కాలేదు. అర్థం కానివి ఆమెకి అస్సలు నచ్చవు.

ముప్ఫై నిమిషాలు ఇల్లంతా గాలించింది. దీపాల గిన్నెలు విప్పింది, పొగ తెలిపే డబ్బా విప్పింది, గాలి వచ్చే జల్లెళ్లలోకి టార్చి కొట్టింది. కెమెరా లేదు, మైకు లేదు. ఖాళీ ఇల్లు వెచ్చగా, కొత్త రంగు వాసనతో, ఎవరో ఇప్పుడే తుడిచి వెళ్లినంత శుభ్రంగా ఉంది. పైన పడగ్గదిలో మూడో నంబరు ఇంటితో కలిసిన గోడ మీద వేలి కణుపుతో కొట్టింది. డొల్లగా మోగింది. చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. ఇంట్లో గోడలన్నీ వెచ్చగా ఉంటే ఆ ఒక్కటీ మంచుగడ్డలా ఉంది.

"డెబ్భైలలో కట్టినవి. రెండు అట్టల మధ్య నాలుగు కర్రలు, అంతే," అంది తనలో.

గోడ అవతల ఎవరో దగ్గారు. చాలా దగ్గరగా.

మారిసా గబుక్కున బెర్నీ చెయ్యి పట్టుకుంది.

"హమ్మయ్య, దొరికింది నీ దెయ్యం," అని నవ్వింది బెర్నీ. "పక్కింటివాళ్లు విని ఆవిడకి చేరవేశారు. టౌన్‌హోమ్ కొనడమంటే నువ్వు కొనేది సగం గోడ, తెలుసా? మిగతా సగం వెనక ఎవరున్నారో చూసుకున్నాకే సంతకం పెట్టాలి. పద, పలకరిద్దాం."

* * *

మూడో నంబరు తలుపు తీసింది ఆగ్నెస్ వ్రోబెల్. ఎనభై ఏళ్ల చిన్న మనిషి, తెల్లటి జడ, ఒంటి మీద రెండు స్వెట్టర్లు.

"గట్టిగా చెప్పు తల్లీ, నాకు వినపడదు," అంది చెవి ముందుకి పెట్టి. మారిసాని చూడగానే ముఖం వెలిగిపోయింది. "నువ్వేనా ఆ అమ్మాయివి! రా, రా. చలికి వణికిపోతున్నావ్."

చలి బయటకన్నా లోపలే ఎక్కువుంది. హాల్లో ఊపిరి పొగలా కనబడుతోంది. వంటింట్లో మాత్రం ఓవెన్ తలుపు బార్లా తీసి వేడి పెట్టుకుందావిడ. నేలమాళిగకి దిగే తలుపు కింద సందు లేకుండా తువ్వాళ్లు చుట్టి కుక్కి ఉన్నాయి.

"బాయిలరు పాడైందా?" బెర్నీ అరిచినట్టే అడిగింది.

"నేనే ఆపేశా. ముసలిదానికి ఎందుకమ్మా అంత వేడి? కింద నుంచి చలిగాలి కొడుతుందని గుడ్డలు కుక్కాను." కిటికీ గట్టు మీద సాసరులో రెండు చెవి మిషన్లు పడున్నాయి. "అవి పెట్టుకుంటే గుయ్యిమంటాయి. తీసి పారేశా."

"ఎర్మా గారు ఎప్పుడు వెళ్లారు?"

"అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. పొద్దున్న ఏడింటికి. టాక్సీ వచ్చింది. రెండు పెట్టెలు."

"మీరు చూశారా?"

"ముంగిట్లో నిలబడి చెయ్యూపాను. ఇరవై రెండేళ్లు పక్కపక్కన ఉన్నాం తల్లీ. ఆదివారం చర్చికి కలిసే వెళ్లేవాళ్లం. పొద్దున్నే అది లేచిన చప్పుడు ఇక్కడికి తెలిసేది, నేను లేచింది దానికి తెలిసేది. ఇక్కడ చలి పడటం లేదు, వెళ్లిపోతానంది." ముసలావిడ కళ్లు తుడుచుకుంది. "ఇల్లు ఖాళీ అయ్యాక ఆ నిశ్శబ్దం ఉంది చూశావూ, దాంతో ప్రాణం పోతుంది."

"ఆదివారం ఈ అమ్మాయి పైన మాట్లాడింది మీకు వినబడిందా?"

"ఏంటీ?"

"వినబడిందా అని!"

"నాకా? ఫిరంగి పేలినా వినపడదు."

మరి దగ్గింది ఎవరు? "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? నేనూ, నా దగ్గూ," అని నవ్వింది ఆగ్నెస్. లేచి, వాళ్లకి వీపు పెట్టి, కాఫీ కెటిల్ అందుకుంది.

బెర్నీ మారిసా వైపు వంగి గుసగుసగా, "ఇక్కడే కూర్చో. నీ ఎదురుగా ఆ గ్రెగ్ సగం నిజాలు మింగేస్తున్నాడు. నేనొక్కదాన్నే అడిగి ఒక గంటలో వస్తా," అంది.

"సరే. కాఫీలో పాలు వద్దని చెప్పండి, నాకు పడవు," అంది మారిసా అంతకన్నా మెల్లిగా.

చెప్పేలోపే ఫోను మోగడంతో బెర్నీ హాల్లోకి నడిచింది. ఏదో అమ్మకాల ఫోను. తిట్టి కట్ చేసి తొంగిచూసే సరికి, ఆగ్నెస్ మారిసా ముందు నల్ల కాఫీ, వాల్‌నట్ రొట్టె ముక్క పెట్టి, దుప్పటి కప్పుతోంది. మారిసా చిన్నపిల్లలా ఆవిడకేసి చూస్తోంది. పోనీలే, కాసేపు వెచ్చగా ఉంటుంది అనుకుని బెర్నీ తలుపు దగ్గరకి లాగింది. అప్పుడు టైము మూడూ ఇరవై ఐదు.

* * *

గ్రెగ్‌ని అరగంటకి పైగా గుచ్చి గుచ్చి అడిగినా కొత్త సంగతేమీ రాలేదు. బయటికొచ్చి చూస్తే రెండిళ్ల మెట్ల మధ్య, నాలుగో నంబరు వైపు, జానెడు పూలమడి ఉంది. అక్కడ నేల కాస్త పొంగింది. ఆ పొంగులోంచి తెల్లటి గుడ్డ కొస తొంగిచూస్తోంది.

"అదేం లేదండీ," అన్నాడు గ్రెగ్ వెనకనుంచి. "సెయింట్ జోసెఫ్ అయ్యుంటాడు. ఎర్మా గారికి భక్తి ఎక్కువ."

ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలంటే సెయింట్ జోసెఫ్ బొమ్మని ముంగిట్లో పాతాలని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. దేవుడు లేడనేవాళ్లు కూడా అమ్మకం దగ్గరికొచ్చేసరికి ఓ బొమ్మ కొనుక్కొచ్చి పాతుతారు. పాతే పద్ధతి ఒకటే. బొమ్మ తలకిందులుగా ఉండాలి, ముఖం అమ్మే ఇంటి వైపు ఉండాలి.

బెర్నీ మోకాళ్ల మీద కూర్చుని, కారు తాళంచెవితో మట్టి తీసింది. జానెడు లోతులో బొమ్మ దొరికింది. తలకిందులుగా లేదు. వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. కుట్టుపని చేసిన చేతిరుమాలు చుట్టి, దాని మీద జపమాల మూడు చుట్లు తిప్పి ఉంది.

అమ్మమ్మ పోయినప్పుడు శవపేటికలో ఆమె చేతుల కింద ఇలాంటి బొమ్మనే పెట్టారు. అప్పుడు బెర్నీకి తొమ్మిదేళ్లు. ఎందుకని అడిగితే, మంచి చావు ఇచ్చేది ఈయనే, దారి చూపిస్తాడు అని చెప్పింది అమ్మ. బెర్నీ బొమ్మని రుమాలుతో సహా పైకి తీసింది.

"గ్రెగ్, ఇది ఇల్లు అమ్ముడుపోవాలని పాతింది కాదు. పోయిన మనిషి కోసం పాతింది."

"అబ్బా! పాతడం చేతకాక అలా పాతారేమోనండీ!"

"వారం తప్పకుండా చర్చికెళ్లే మనిషికి ఇది చేతకాకపోవడమా?"

రోడ్డు మీద కారు తలుపు దభీమని మూసుకుంది. "ఇంకా మట్టిలోనే ఆడుకుంటున్నావా, బెర్నీ?"

లెన్ బ్రాడీ. ఊరి పోలీసు డిటెక్టివ్. బీమా రోజుల్లో అతను ప్రమాదమని కొట్టిపారేసిన మూడు కేసులు బెర్నీ తిరగదోడింది. ఆ మూడూ అతనికి ఇంకా అరగలేదు.

"నేనే పిలిచాను," అన్నాడు గ్రెగ్, ధైర్యం వచ్చి. "బేరం చెడగొడుతోంది."

"వచ్చావా లెన్, మంచిదే. ఎర్మా స్టోలర్ కనబడటం లేదు."

"కనబడకపోవడమేంటి? నవంబరు ఆరున చర్చివాళ్లు ఫోన్ చేస్తే నేనే వచ్చి కనుక్కున్నాను. ఫ్లోరిడాలో సుఖంగా ఉంది. నాతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడింది. కేసు మూసేశాను."

"ఒక్క ఫోన్‌తో మూసేశావా? ముఖం చూడకుండా కేసు ముగించడంలో నీ తర్వాతే ఎవరైనా."

"నువ్వేం చేశావ్? బొమ్మ తవ్వావ్! వెళ్లి జడ్జి ముందు పెట్టు, బొమ్మ వెల్లకిలా పడుకుందండీ, ఇంటావిడ చచ్చిపోయిందండీ అని."

"ఆ బొంగురు గొంతు ఎర్మాదేనని నీకెలా తెలుసు? అంతకుముందు ఎప్పుడైనా విన్నావా?"

బ్రాడీ బూటుతో మట్టి చిమ్మాడు.

"నీకు ఆ నంబరు ఎవరిచ్చారు?"

"పక్కింటి ముసలావిడ."

బెర్నీ మెల్లిగా గ్రెగ్ వైపు తిరిగింది. "నీకు?"

గ్రెగ్ ముఖంలో రంగు పోయింది. "ఆవిడే. చర్చి బోర్డు మీద నా కార్డు చూసి ఫోన్ చేసింది. స్నేహితురాలు ఇల్లమ్ముతుంది, నంబరు రాసుకో అని."

"టాక్సీ ఎక్కడం చూశానన్నది ఆవిడే. నంబరిచ్చింది ఆవిడే. ఎర్మా వెళ్లడం చూసిన మనిషి ఇంకొకరున్నారా లెన్?"

"చెవిటి ముసలిది. నేనామెతో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఫోన్‌లో ఎర్మాలా నటించడానికి ముందు అవతలివాళ్ల మాట వినబడాలిగా?"

బెర్నీకి మూడో నంబరు కిటికీ తెర కదిలినట్టనిపించింది. "ఇక్కడ వద్దు. పైకి రా. గోడ ఎంత పల్చనో చూపిస్తా, తర్వాత తిట్టుకుందువుగాని."

* * *

నాలుగూ ముప్ఫై రెండు. పడగ్గదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గ్రెగ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇక్కడ మారిసా మాట్లాడింది. అరగంటలో ఆ మాట మెయిలులో వచ్చింది," అంది బెర్నీ. "ఈ గోడ వెనక కాక ఇంకెక్కడ వింటారు?"

"వినేవాళ్లుంటే కదా!"

"ఏడుగురిలో ఎవరూ లేని పిల్లని ఏరుకున్నారు. ఎక్కువిస్తామన్నవాళ్లని కాదన్నారు. అమ్ముకునేవాళ్లు అలా ఏరుకోరు లెన్. పక్కన కాపురం ఉండబోయేవాళ్లు ఏరుకుంటారు. ఎర్మా వెళ్లిపోతానంది. ఇరవై రెండేళ్ల తోడు. ఆ నిశ్శబ్దంతో ప్రాణం పోతుందని ఇందాక నాతోనే అంది ఆగ్నెస్. ఇంట్లో వేడి ఆపేసుకుంది. నేలమాళిగ తలుపు కింద తువ్వాళ్లు కుక్కింది. చలిగాలికట. ఇల్లంతా చల్లగా పెట్టుకున్న మనిషికి, కింద నుంచి వచ్చే చలితో ఏం బాధ? ఆ తువ్వాళ్లు ఆపేది గాలిని కాదు, వాసనని."

బ్రాడీ ముక్కుతో నవ్వాడు గానీ ఆ నవ్వులో ఇందాకటి బలం లేదు. "ఎంత కథ అల్లావ్! సరే. ఇప్పుడే, నీ ఎదురుగానే ఎర్మాకి ఫోన్ చేస్తాను. మాట్లాడుతుంది. నువ్వు నోరు మూసుకుని ఇంటికెళ్తావ్. ఒప్పుకుంటావా?"

"చెయ్యి."

అతను డైరీ తీసి నంబరు వెతుకుతున్నాడు. బెర్నీ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. మనసు ఎక్కడో ఒక చిన్న చోట చిక్కుకుంది. చెవిటి మనిషి. ఫిరంగి పేలినా వినపడని మనిషి. వీపు పెట్టి నిలబడింది. కెటిల్ చప్పుడు. మారిసా గుసగుస.

నల్ల కాఫీ.

పాలు పడవన్న సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు? బెర్నీ చెప్పలేదు. చెప్పేలోపే ఫోను వచ్చింది. మారిసా మళ్లీ చెప్పాలంటే ఆ చెవిటామెకి అరవాలి, హాల్లో ఉన్న బెర్నీకి అది వినబడేది. తామంతా లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ, ఈ గదిలో మెయిలు గురించి, తువ్వాళ్ల గురించి, అన్నీ తానే గొంతెత్తి చెప్పింది. అమ్మే ఇంట్లో నోరు జారకూడదని పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాల్సిన మనిషి, తానే అంతా వాగింది. గంట క్రితం మారిసాని ఆ వంటింట్లో కూర్చోబెట్టి తలుపు మూసి వచ్చింది కూడా తానే.

"లెన్, ఆగు. చెయ్యొద్దు..."

అప్పటికే స్పీకరు పెట్టి నొక్కేశాడు.

అతని చేతిలో ఫోను ఒకసారి మోగింది. గోడలోంచి ఇంకో ఫోను మోగింది.

దూరంగా ఎక్కడో కాదు. గోడకి ఆ పక్కనే, కుర్చీలో కూర్చున్న మనిషి ఒళ్లో ఉంటే ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. రెండోసారి మోగింది. మూడోసారి మోగుతూ ఆగింది.

"హలో," అంది బ్రాడీ ఫోనులోంచి బొంగురు గొంతు. "ఎర్మాని."

అదే మాట, అదే క్షణంలో గోడలోంచి కూడా వచ్చింది.

బ్రాడీ గోడ వైపు గిర్రున తిరిగాడు. గ్రెగ్ గుమ్మంలోంచి వెనక్కి జరిగాడు. బెర్నీ ఫోను లాక్కుంది.

"ఆగ్నెస్ గారూ. మారిసా ఎక్కడ?"

బొంగురు పోయి, ఇందాకటి తియ్యటి గొంతు వచ్చింది.

"మెల్లిగా మాట్లాడు తల్లీ, బాగానే వినపడుతోంది. అమ్మాయి వంటింట్లో పడుకుంది. కాఫీ తాగిన పావుగంటకే కళ్లు మూతలు పడ్డాయి. ఎర్మా అయితే అంత తొందరగా పడుకోలేదు, చాలాసేపు పెనుగులాడింది."

"ఆ పిల్లని ఏం చెయ్యకండి. మీరు అడిగినట్టే జరుగుతుంది. ఇల్లు కొంటుంది. పక్కనే ఉంటుంది. నేను సంతకం పెట్టిస్తాను." బెర్నీ చేత్తో బ్రాడీని గుమ్మం వైపు నెడుతోంది. అతను మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

"ముందు నేనూ అలాగే అనుకున్నానమ్మా," అంది ఆగ్నెస్, బాగా ఆలోచించి చెబుతున్నట్టు. "కానీ మీ మాటలు విన్నాక తెలిసింది. పక్కింట్లో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతారు. ఎవరో ఒకరొచ్చి తీసుకుపోతారు. ఆ గ్రెగ్‌తో చెప్పు, ఇంక గడువు చూడక్కర్లేదు. ఆ పిల్లకి ఇల్లు అక్కర్లేదు. నా దగ్గరే ఉంటుంది."

ఫోను తెగిపోయింది. గోడ అవతల కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు వంటింటి వైపు దిగే మెట్ల మీదికి కదిలాయి.